ఇంకొక్కటి తీసి పిలుస్తా

రోజంతా పాస్‌పోర్టు ఫోటోలు తీసి విసుగెత్తిన మనిషికి చంద్రుణ్ణి మించిన గిరాకీ ఎవరుంటారు? కళ్ళార్పడు, తల వంచడు, ముక్కు పెద్దగా పడిందని తగువుకి రాడు. అందుకే మన స్టూడియో ఆసామి, యాభై రెండేళ్ళ బ్రహ్మచారి, చలికాలం వచ్చిందంటే మేడ మీదే కాపురం పెట్టేవాడు.

కింద వాటాలో అతనూ, అతని అక్కా. ఆవిడది గడియారాలు బాగుచేసే పని. నలభై ఏళ్ళు కంటికి భూతద్దం తగిలించుకుని ఆవగింజంత చక్రాలు సరిచేసింది. చివరికి ఆ కళ్ళే మొరాయించాయి. కుడికన్ను పోయింది. ఎడమకంటికి వచ్చే గురువారం ఆపరేషన్. చూపు నిలుస్తుందా అని అడిగితే డాక్టరు గోడ మీది క్యాలెండరు వంక చూశాడు.

అందుకే ఈ చంద్రగ్రహణం చూసి తీరాలని అక్క పట్టుబట్టింది. చంద్రుడు పూర్తిగా ఎర్రబడేది పద్నాలుగు నిమిషాలే, ఏడూ నలభై రెండు నుంచి ఏడూ యాభై ఆరు దాకా. లిఫ్టు పాడైంది. చూపు ఆనని మనిషి ఒంటరిగా మూడంతస్తులు ఎక్కలేదు. ముందే ఎక్కించి కూర్చోబెడితే ఆ చలికి దగ్గు పట్టుకుంటుంది.

"నువ్వు ఇంట్లో వెచ్చగా కూర్చో అక్కా. ఎర్రబడగానే దిగొచ్చి చెయ్యి పట్టుకుని తీసుకెళ్తా."

"కెమెరా చేతికొస్తే నీకు ఒళ్ళు తెలీదురా. ఇలా రా," అని అక్క తన చేతి గడియారానికి తడుముకుంటూనే అలారం పెట్టి, అతని మణికట్టుకి కట్టింది.

మేడ మీద చలి ఎముకలు కొరుకుతోంది. చలికి బ్యాటరీలు చచ్చిపోతాయని రెండింటిని బనియన్‌లో దాచుకున్నాడు. లెన్సు మీద పేరుకునే తేమ మాటిమాటికీ తుడిచాడు. ఎరుపు మొదలయ్యేసరికి వెలుగు పడిపోయింది. ఒక్కో ఫోటోకి రెండు సెకన్లు షట్టరు తెరిచి ఉంచాలి. ఆ రెండు సెకన్లలో కెమెరా ఏమాత్రం అదిరినా చంద్రుడు ఇద్దరవుతాడు.

సరిగ్గా అప్పుడు అలారం మోగింది. వినిపించలేదని చెప్పుకోవడానికి వీల్లేదు. శుభ్రంగా వినిపించింది. నొక్కేశాడు. 'ఇంకొక్కటి తీసి వెళ్తా' అనుకున్నాడు. అది కాస్తా అదిరింది. ఇంకొకటి తీశాడు. ఫోకస్ జారింది. బ్యాటరీ అయిపోయింది, మార్చాడు. దిగి, అక్కని ఎక్కించేసరికి ఐదారు నిమిషాలు పోతాయని లెక్క కూడా వేసుకున్నాడు మహానుభావుడు. ఆ తర్వాత పడిందొక ఫోటో. ముప్పై ఏళ్ళ వృత్తిలో అలాంటిది తీయలేదు. ఆ ఊపులో మరో పది తీసి తలెత్తేసరికి చంద్రుడి అంచున తెల్లటి గీత మెరుస్తోంది. పద్నాలుగు నిమిషాలూ అయిపోయాయి.

కిందికి పరిగెత్తాడు. అక్క కోటు తొడుక్కుని, చెవులకి మఫ్లర్ చుట్టుకుని, బూట్ల లేసులు కూడా కట్టుకుని తలుపు పక్కనే కుర్చీలో కూర్చుంది.

"ఎనిమిదైనట్టుంది. ఏమైందిరా?"

"మబ్బు పట్టిందక్కా. సరిగ్గా ఆ టైముకే."

అంత తేలిగ్గా అబద్ధం వస్తుందని అతనికే తెలియదు.

"అయ్యో, నీ కష్టమంతా వృథాయేనా?" అని అక్క అతని చేతులు అందుకుని, తన అరచేతుల మధ్య పెట్టి రుద్దసాగింది. చేతులు లాక్కుని లోపలికి పోయాడు. కెమెరాలో ముప్పై ఒక్క ఫోటోలున్నాయి. మబ్బు పట్టిన రాత్రికి అన్ని ఎర్ర చంద్రుళ్ళు ఎక్కణ్ణుంచి వస్తారు? ఒక్కొక్కటే తుడిచేశాడు. ఆ మంచి ఫోటో దగ్గర వేలు కాసేపు ఆగింది. దాన్నీ తుడిచేశాడు.

భోజనం దగ్గర అక్క అడక్కుండానే వేడివేడిగా మారు వడ్డించింది. "చలిలో నిలబడ్డావు, ముందు నువ్వు తిను," అంది. కలిపిన ముద్ద కంచంలోనే వదిలేశాడు.

"అక్కా, మబ్బు పట్టలేదు."

గరిటె ఆగింది.

"అలారం మోగలేదా?"

"మోగింది. నేనే ఆపేశాను."

తిట్టేస్తే బాగుండునని అతను ఎదురుచూశాడు.

"ఫోటోలైనా చూపించు. పెద్దవి చేస్తే కాస్త ఆనుతాయి."

"తుడిచేశాను."

"అన్నీనా?"

"అన్నీ. నువ్వు కనిపెట్టేస్తావని..."

"నీ అబద్ధం నిలబెట్టుకోవడానికి నా చంద్రుణ్ణి తుడిచేశావా!" అక్క గరిటె గిన్నెలో పడేసింది. తర్వాత కుర్చీ అతని దగ్గరికి లాక్కుంది.

"సరే. ఫోటోలు పోతే పోయాయి. కళ్ళారా చూశావుగా, చెప్పు. ఎలా ఉన్నాడు?"

"ఎర్రగా ఉన్నాడక్కా."

"అది పేపర్లోనూ వేశారు. ఏ ఎరుపు? ఇటుక ఎరుపా, నిప్పు ఎరుపా? చుట్టూ చుక్కలు కనిపించాయా?"

అతను కళ్ళు మూసుకున్నాడు. రెండు సెకన్ల అంకె కనిపించింది. తరిగిపోతున్న బ్యాటరీ గీత కనిపించింది. కెమెరా తెరమీద ఫోకస్ గళ్ళు కనిపించాయి. ఎంత గింజుకున్నా చంద్రుడు కనిపించలేదు. ఏదో ఒకటి కల్పించి చెబుదామని నోరు తెరిచాడు కానీ రెండో అబద్ధానికి నోరు రాలేదు.

"అయితే నువ్వూ చూడలేదన్నమాట," అంది అక్క. "మరింక నాకెవరు చెప్తార్రా?"