మేమంటే ఎవరెవరు?

"అమ్మని మేము బాగానే చూసుకుంటున్నాంలే, నువ్వేం దిగులు పెట్టుకోకు" అని గెథిన్ ఫోనులో వాళ్లన్నకి ధైర్యం చెబుతున్నప్పుడు, ఆ అమ్మ కాలు అతని భార్య నెరిస్ ఒళ్లో ఉంది. ముసలావిడ కాలిగోళ్లు వేడినీళ్లలో నానబెడితే గానీ కత్తెరకి లొంగవు. నానబెట్టింది నెరిస్. తుడిచింది నెరిస్. చిటికెనవేలు దగ్గర ఊపిరి బిగబట్టి కత్తిరిస్తున్నదీ నెరిస్సే. గెథిన్ మాత్రం సోఫాలో కాళ్లు చాపుకుని ఆ 'మేము'లో హాయిగా కూర్చున్నాడు. పాపం, అబద్ధమాడుతున్నానని అతనికి తెలియదు. వచ్చిన చిక్కల్లా అదే.

నెరిస్ న్యూపోర్ట్‌లో ఒక లాయర్ల ఆఫీసులో పారాలీగల్. కేసు కాగితాలు తయారుచేసేది తను, కింద సంతకం పెట్టేది సొలిసిటరు. ట్రైనీగా కుదిరి ఆ శిక్షణ పూర్తిచేస్తే తనూ ఆ సంతకం పెట్టొచ్చు. నలభై దాటాక, ఎవరికీ చెప్పకుండా కార్డిఫ్‌లోని ఒక పెద్ద సంస్థకి దరఖాస్తు పెడితే, అసెస్‌మెంట్ సెంటర్‌కి రమ్మని పిలుపొచ్చింది. అప్పుడు గానీ ఇంట్లో చెప్పలేదు. పేరుకే సెంటరు. నిజానికది పొద్దున్నుంచి సాయంత్రం దాకా మనిషిని రాయించి, మాట్లాడించి, నలుగురి మధ్య కూర్చోబెట్టి తూకం వేసే రోజు. అందులో నెగ్గకపోతే తన జీవితమంతా ఇతరుల సంతకాల పైన ఉండే ఖాళీ నింపడంతోనే సరిపోతుందని నెరిస్‌కి తెలుసు.

కిందటేడు అలాంటి గండమే గట్టెక్కి తమ ఆఫీసులో ట్రైనీ అయిన కారిస్ అనే అమ్మాయి, మధ్యాహ్నం భోజనాల వేళ సాధన చేయిస్తానంది. ఒక చేతిలో కూర దట్టించిన పేస్టీ, ఇంకో చేతిలో ప్రశ్నలు.

"కష్టకాలంలో పని గట్టెక్కించిన సందర్భం ఒకటి చెప్పు."

"మన ఆఫీసు మారినప్పుడు, విచారణకి ముందు ఒక ఫైలు కనపడకుండా పోయింది. మేము ఆ కాగితాలన్నీ మళ్లీ తెప్పించి..."

"మేమంటే ఎవరెవరు?"

"నేనూ, మన సొలిసిటరు బేనన్ గారూ."

"ఆయనేం చేశారు?"

"సెలవులో ఉన్నారు."

"మరింకేం? అక్కడ మార్కులేసేవాళ్లకి 'మేము' చెవికెక్కదు. నువ్వేం చేశావో చెప్పకపోతే సున్నా చుట్టేస్తారు. మళ్లీ మొదట్నుంచి చెప్పు."

మళ్లీ చెప్పింది. మళ్లీ 'మేమే' వచ్చింది. 'నేను' అనబోతే, ఎవరూ పెట్టకుండానే రెండో కేకు ముక్క తీసుకుంటున్నట్టు సిగ్గేసింది.

ఆ సాయంత్రం గిన్నెలు తోముతుంటే పాత మాటలన్నీ ఒక్కొక్కటే పైకి తేలాయి. "మనం ఆ బాయిలర్ బాగుచేసే అతనికి ఫోన్ చెయ్యాలోయ్." చేసింది ఎవరు? "మనం మావాళ్లకి క్రిస్మస్ కానుకలు కొనేస్తే ఓ పనైపోతుంది." కొని, రంగుకాగితం చుట్టి, అతని పేరు ముందు రాసింది ఎవరు? "మేం ఆ అప్పీలు భలే గెలిచాం" అని విందులో గ్లాసెత్తిన బేనన్ గారికి ఆ అప్పీలులో రెండో పేజీ తర్వాత ఏముందో కూడా తెలియదు. పని పురమాయించేటప్పుడు మనం, గొప్ప చెప్పుకునేటప్పుడు మేము. ఈ రెండింటి మధ్యా ఒక ఆడమనిషి ఇన్నేళ్లు నలిగిందని ఎవరికీ తట్టలేదు. తనకి మాత్రం తట్టిందా? ఆ మాట కప్పుకుంటే తనకీ వెచ్చగానే ఉండేది. తప్పు జరిగినా ఒక్కదాని మీదే పడదు కదా అనుకునేది. మెప్పు వచ్చినప్పుడు తన వాటా ఏదని అడగాలన్న ఊహే రాలేదు. తలుచుకుంటే ఇప్పుడు కోపమొచ్చింది, నిజంగానే కోపమొచ్చింది.

గోరుచుట్టు మీద రోకటిపోటులా, అత్తగారు మైర్ కంటి శుక్లం ఆపరేషన్‌కి తేదీ వచ్చింది. ఏడాది పైగా ఎదురుచూసిన తేదీ. సరిగ్గా కార్డిఫ్ రమ్మన్న రోజే.

గెథిన్ క్యాలెండరు చూసి నాలుక కరుచుకున్నాడు. "అయ్యో. పోన్లే, ఆ పరీక్ష మనం వచ్చే ఏడు రాసుకుందాంలే."

పరీక్షలోకి కూడా 'మనం' వచ్చేసింది. నెరిస్‌కి నవ్వొచ్చింది.

"నువ్వు సెలవు పెట్టు" అంది.

"దొరకదు."

"అడిగావా?"

"అడగడమెందుకు, తెలిసిందేగా."

లోపల భయంగానే ఉంది. ఆపరేషన్‌లో ఏదైనా అటూ ఇటూ అయితే, కోడలు తన దారి తాను చూసుకుందని బంధువులంతా జన్మంతా చెప్పుకుంటారు. అయినా చేతులు తుడుచుకుని, కారిస్ దగ్గర సాధన చేసినట్టే, తొందరపడకుండా అంది. "గెథిన్, నేను కార్డిఫ్ వెళ్తున్నాను. మీ అమ్మని నువ్వు తీసుకెళ్తున్నావు."

గెథిన్ నోరు తెరిచేలోపే కుర్చీలోంచి మైర్ అందుకుంది.

"మీ నాన్నా ఇంతేరా. మేం నలుగురు పిల్లల్ని పెంచామనేవాడు, పాపం." ఆవిడ టీ కప్పు కింద పెట్టింది. "నువ్వు వెళ్లమ్మాయ్. ఆ ఆసుపత్రి దారి వీడికీ తెలియాలి. నాకు రెండో కన్ను కూడా ఉందిగా."

ఆ రాత్రి నెరిస్‌కి ఒళ్లు తెలియని నిద్ర పట్టింది.

అనుకున్న రోజున కార్డిఫ్‌లో పొద్దుటి ఇంటర్వ్యూలో ఫైలు కథ చెప్పింది. 'నేను వెతికాను, నేను తెప్పించాను' అంది. భోజనం వేళకి గెథిన్ నుంచి మెసేజ్ వచ్చింది. "అయిపోయింది. అమ్మ టీ అడుగుతోంది. కంట్లో చుక్కలు ఎలా వెయ్యాలో నర్సు నాకు నేర్పింది." గుండెల మీంచి బండరాయి దించినట్టయింది. నెరిస్ మెట్ల మీద కూర్చుని, కళ్లు తుడుచుకుని, సాండ్‌విచ్ మొత్తం తినేసింది.

ఆఖరుది బృంద చర్చ. మూతపడబోతున్న ఒక దుకాణం యజమానికి ఏం సలహా ఇవ్వాలో ఆరుగురు కలిసి తేల్చాలి. గోడవారన ఇద్దరు మార్కులు వేసుకుంటున్నారు. కూర్చున్నవాళ్లలో నెరిస్సే పెద్ద, మిగతా అయిదుగురూ పాతికేళ్ల లోపువాళ్లు. కొత్త సూటు కుర్రాడొకడు చొరవగా అందుకున్నాడు.

"ముందు మనం పాయింట్లు రాసుకుంటే మంచిది కదా" అంటూ, ఎంతో మర్యాదగా నవ్వుతూ, కాగితాలూ పెన్నూ నెరిస్ ముందుకి జరిపాడు.

ఆమె చెయ్యి దానంతటదే పెన్ను అందుకుంది. ఇన్నేళ్ల అలవాటు, ఊరికే పోతుందా? మూత కూడా తీసింది. కాగితం మీదకి వంగబోతూ, వంగిన తలకి గొంతుండదని చప్పున తట్టింది. మూత పెట్టి, పెన్ను మళ్లీ అతని ముందుకే జరిపింది.

"నువ్వు రాసుకో బాబూ. నేను చెప్తాను."