‘ఒకేలా’ కాస్తా ‘ఒకటే’ అయిన రోజు

నేను ఒక కంపారిజన్ మైక్రోస్కోపును. ఒక ఫోరెన్సిక్ ప్రయోగశాలలో పాతికేళ్లకు పైగా పనిచేశాను. నా మాట మీద జైలుకు వెళ్లినవాళ్లు చాలామంది ఉన్నారు. వాళ్లలో ఒకతను నేరం చేయలేదు. పేరు షేక్ మీరావలి. అసలు ఈ కథ అతని దగ్గర మొదలుపెట్టాలి. కానీ దోషులెవరైనా ముందు తమ పుట్టుపూర్వోత్తరాలు చెప్పుకుంటారు. నేనూ అంతే.

నేను పుట్టింది సముద్రాలకు అవతల, ఒక చలిదేశంలో. ఒక ముసలి పనివాడు నా కటకాలను నెలల తరబడి సానపట్టి, చివరి రోజున తన కన్ను నాకు ఆనించి చూసి, “ఇది అబద్ధం చెప్పదు” అన్నాడు. అతనన్నది నిజమే. అబద్ధం చెప్పకుండానే మనిషి కొంప ముంచవచ్చని పాపం అతనికి తెలియదు.

నాకు రెండు బల్లలు, రెండు గొట్టాలు ఉంటాయి. ఎడమ బల్ల మీద సంఘటన స్థలంలో దొరికిన వస్తువు పెడతారు. కుడి బల్ల మీద అనుమానితుడి పనిముట్టుతో ప్రయోగశాలలో తయారుచేసిన నమూనా పెడతారు. చూసేవాడికి రెండూ ఒకేచోట, పక్కపక్కన కనిపిస్తాయి. గీతలు కలిశాయా లేదా అన్నది అతను తేల్చాలి.

చెక్కపెట్టెలో మన రాష్ట్రానికి వచ్చాను. దించగానే కొబ్బరికాయ కొట్టారు. ఏటా ఆయుధపూజకు నా మెడకు బంతిపూల దండ, ఒంటికి పసుపు కుంకుమ. ఈ దేశంలో మనుషులు తమకు అర్థంకాని యంత్రాన్ని ముందు దేవుణ్ణి చేస్తారు, తర్వాత దాని మాట వింటారు. ఆ గౌరవానికి నేను కొంచెం పొంగిపోయానని ఒప్పుకోవాలి.

నన్ను వాడినాయన ఇందుకూరి నరసరాజు గారు, భీమవరం వైపు మనిషి. మంచివాడు. లంచం ముట్టడు, పొద్దుటే అందరికంటే ముందు వస్తాడు, నా కటకాలను తన కళ్లజోడు కంటే శ్రద్ధగా తుడుస్తాడు. “ఏవమ్మా, ఇవాళేం చూపిస్తావు?” అని పలకరించి మరీ కూర్చునేవాడు. చెడ్డవాడి చేతిలో పడి చెడిపోయానని చెప్పుకునే వీలు కూడా నాకు లేదు.

ఆ సంవత్సరం వేసవిలో ఒక ఎత్తిపోతల పంపుహౌసులో దొంగలు పడ్డారు. మోటార్లకు వెళ్లే రాగి కేబుల్ కోసి పట్టుకుపోయారు. అడ్డొచ్చిన కాపలాదారు తల పగిలి చనిపోయాడు. పక్క ఊళ్లో మోటార్ వైండింగ్ షాపు నడిపే మీరావలిని పోలీసులు పట్టుకున్నారు. అతని షాపులో రాగితీగ దొరికింది. వైండింగ్ షాపులో రాగితీగ దొరకడం కల్లుపాకలో కుండ దొరకడం లాంటిదే. దాంతోపాటు పసుపు పిడి ఉన్న కొత్త కట్టర్ కూడా దొరికింది. కొని నెల కూడా కాలేదు.

ఆ కట్టర్, కేబుల్ కొస ఉన్న పెట్టె ప్రయోగశాలకు వచ్చింది. పైన ఇన్‌స్పెక్టర్ గారి లేఖ పిన్ను చేసి ఉంది. ‘ముద్దాయి నేరం ఒప్పుకున్నాడు. ఈ కట్టర్‌తోనే కేబుల్ కోసినట్టు నిర్ధారించగలరు.’ నరసరాజు గారు ముందు ఆ లేఖ చదివాడు. తర్వాతే నా దగ్గరికి వచ్చాడు. అప్పట్లో పద్ధతి అదే. పెళ్లి సంబంధానికి వెళ్లే ముందే అమ్మాయి లక్షణంగా ఉందని చెప్పి పంపినట్టు.

ఎడమ పక్కన పంపుహౌసులో మిగిలిన కేబుల్ కొస. కుడి పక్కన ఆ కట్టర్‌తో కోసిన రాగితీగ. ఆయన బల్ల మీట తిప్పాడు. గీతలు నెమ్మదిగా జరిగి ఒకదానికొకటి ఎదురుగా వచ్చి నిలిచాయి. ఇరవైకి పైగా గీతలు. ఒక్కటి కూడా పక్కకు పోలేదు.

“అబ్బ, ఎంత బాగా కలిసిందిరా!” అన్నాడు.

నివేదికకు రెండో సంతకం కావాలి. పక్క గదిలోని వాసుదేవరావు గారు వచ్చాడు. చేతిలో టీ గ్లాసు.

“ఒకసారి చూడండి” అన్నాడు నరసరాజు గారు.

“మీరు చూశాక నేను చూసేదేముందండీ? పెద్దవారు. మళ్లీ చూస్తే మీ మీద నమ్మకం లేనట్టుంటుంది.” అంటూనే సంతకం పెట్టేశాడు. గ్లాసు అడుగు తడి నివేదిక మూల మీద గుండ్రంగా పడింది. మా ప్రయోగశాలలో మర్యాద అంటే అది. ఆ మర్యాద ఖరీదు తొమ్మిదేళ్లని అప్పటికి ఎవరికీ తెలియదు.

నివేదికలో నరసరాజు గారు జాగ్రత్తగానే రాశాడు. ‘రెండు నమూనాల మీది గీతలు ఒకేలా ఉన్నాయి.’ కోర్టులో ఏం జరిగిందో మర్నాడు నా కటకాలు తుడుస్తూ నాకే చెప్పాడు.

“సర్కారు ప్లీడరు గారు అడిగాడమ్మా, ఒకేలా ఉన్నాయంటే ఆ కేబుల్ కోసిందీ ఈ కట్టరూ ఒకటే అనే కదండీ అని. జడ్జి గారు గడియారం చూస్తున్నారు. భోజనాల వేళ. అంతేనండి, ఒకటే అన్నాను.” కటకం మీద మరోసారి గుడ్డ తిప్పి, “అంతేగా మరి?” అన్నాడు.

నేను ఏమీ అనలేదు. నోరు లేదు కదా అని తప్పించుకోవచ్చు. కానీ ఆ క్షణంలో నాకూ అంతే అనిపించింది. నేను చూపించిన బొమ్మ అంత అందంగా ఉంది.

మీరావలికి యావజ్జీవం పడింది.

ఎనిమిదేళ్లు గడిచాయి. ప్రయోగశాలకు కొత్త ప్రమాణాలు వచ్చాయి. ఇక లేఖలు పరిశీలకుడి చేతికి ఇవ్వరు. పెట్టె మీద సంఖ్య తప్ప ఏమీ ఉండదు. రెండో మనిషి మొదటి మనిషి ఏం తేల్చాడో తెలియకుండా విడిగా చూడాలి. వాటితోపాటు ఒక కొత్త స్కానర్ కూడా వచ్చింది. అది నాలాగా బొమ్మ చూపించదు. ఒక్కో గీత లోతు కొలిచి అంకెలు చెబుతుంది. దాన్ని నడపడానికి తాళ్లూరి హేమలత అనే కొత్త అధికారిణి వచ్చింది. ఒంగోలు పిల్ల. నోటికి అడ్డూ ఆపూ లేదు.

“సార్, పని మొదలెట్టే ముందు ఈ స్కానర్‌ని పరీక్షించాల” అంది ఒకరోజు. “కలిసేవి కలిసినయ్యని చెప్తే చాలదు. కలవనివాటిని కలవలేదని చెప్తదా అని చూడాల.”

“కలవనివి నీకెక్కడ దొరుకుతాయమ్మాయ్?”

“బజార్లో. ఒకే పెట్టెలో కట్టర్లు పన్నెండు కొనుక్కొచ్చా. షాపువాడు ఏమ్మా, కరెంటాఫీసు పెడుతున్నావా అన్నాడు.”

ఆమె సంచి బల్ల మీద కుమ్మరించింది. పన్నెండు కట్టర్లు. పన్నెండింటికీ అదే పసుపు పిడి.

నరసరాజు గారి చెయ్యి నా మీట మీద ఉంది. తిప్పుతున్న మీటను మధ్యలో ఆపేశాడు.

మూడు రోజులు హేమలత తీగలు కోస్తూ, కొలుస్తూ కూర్చుంది. నాలుగో రోజు ఆయన దగ్గరికి వచ్చింది. ఈసారి గొంతులో సరదా లేదు.

“సార్, ఈ పన్నెండింట్లో తొమ్మిది ఒకదాన్నొకటి పోలి ఉన్నయ్. ఏది కోసిందో చెప్పడం ఎవరి వల్లా కాదు. ఫ్యాక్టరీలో ఒకే సానరాయి మీద వరసగా సానపట్టారు. ఆ రాయి గీతలే అన్నిటి మీదా పడ్డయ్. వాడి వాడి అరిగితేనే ఒక్కోదానికి సొంత ముఖం వస్తది. కొత్తవయితే ఒక కాన్పు పిల్లలే.”

“ఒక కాన్పు పిల్లలు” అన్నాడు ఆయన.

పాత కేసు సంగతి ఆమెకు ఆయనే చెప్పాడు. రిజిస్టరు తీసి చూపించాడు. ఆమె చదివి, “మనం కోర్టుకు రాయాల సార్” అంది.

“మూడు నెలల్లో నా రిటైర్మెంటమ్మా. సన్మానానికి శాలువా కూడా కొన్నారంట. నీకేం, చిన్నదానివి. రాస్తే నా పాత కేసులన్నీ తవ్వుతారు. పాతికేళ్ల పేరు.”

“అవతల అతనికి ఎనిమిదేళ్లు సార్.”

ఆయన రిజిస్టరు మూసి బీరువాలో పెట్టేశాడు. మధ్యాహ్నం అందరూ భోజనానికి వెళ్లాక ఒంటరిగా నా ముందు కూర్చున్నాడు. ఇవాళేం చూపిస్తావని అడగలేదు. ఒక కట్టర్‌తో కోసిన తీగ ఎడమ పక్కన, ఇంకో కట్టర్‌తో కోసింది కుడి పక్కన పెట్టి మీట తిప్పాడు. గీతలు వచ్చి ఎదురెదురుగా నిలిచాయి. జంట మార్చాడు. మళ్లీ నిలిచాయి. ఏడు జంటలు చూశాడు. ఏడుసార్లూ నేను అదే అందమైన బొమ్మ చూపించాను. ఒక్కసారైనా చెడగొట్టి చూపించాలని ప్రాణం కొట్టుకుంది. నా వల్ల కాలేదు. అబద్ధం చెప్పడం నాకు రాదు. నిజం ఎక్కడ ఆగిపోతుందో చెప్పడం కూడా రాదు.

ఆయన తల నా మీద ఆనించాడు. తర్వాత కాగితం తీసుకున్నాడు. ‘కోర్టులో నేను ఒకటే అన్నాను. నా కంటికి కనిపించింది ఒకేలా ఉండటం మాత్రమే. అదే రకం కొత్త కట్టర్ మరొకదాన్ని నేను పరీక్షించలేదు. పరీక్షించాలని కూడా తోచలేదు.’ రెండో సంతకం కోసం వాసుదేవరావు గారి దగ్గరికి వెళ్లలేదు.

శాలువా ఎవరూ కప్పలేదు. ఆయన మీద విచారణ పెట్టారు. నాతో తేల్చిన పాత కేసులు నలభై ఒకటి మళ్లీ తెరిచారు. హైకోర్టులో ఆయన్ని మూడు గంటలు నిలబెట్టి ప్రశ్నించారని హేమలత ఫోన్లో ఎవరికో చెబుతుంటే విన్నాను. తీర్పులో నా గురించి ఒక్క వాక్యం ఉందట. పరికరంలో ఎలాంటి లోపమూ లేదని. విచారణ లేకుండానే నన్ను నిర్దోషిగా వదిలేశారు. మీరావలిని మాత్రం తొమ్మిదేళ్లు లోపల ఉంచాక వదిలారు. కాపలాదారును చంపిందెవరో నేటికీ తేలలేదు.

నన్ను పని నుంచి తప్పించి, కొత్తగా చేరినవాళ్లకు నేర్పే గదిలో పెట్టారు.

ఒక ఉదయం మీరావలి, అతని భార్య ఖాసింబీ ప్రయోగశాలకు వచ్చారు. ఎందుకొచ్చారని హేమలత అడిగింది.

“ఆ మిషన్ని ఒకసారి సూడాలమ్మా” అన్నాడతను. “అది నన్ను సూసింది. నేను దాన్ని సూడలేదు.”

ఆమె నరసరాజు గారికి ఫోన్ చేసింది. ఆయన ఆటోలో వచ్చి గుమ్మం దగ్గర నిలబడ్డాడు. చొక్కా బొత్తాలు ఒకటి వదిలి ఒకటి పెట్టుకున్నాడు.

“మీరేనా సార్?”

“నేనేనయ్యా. నన్ను తిట్టు.”

“తిట్టుకోటానికి తొమ్మిదేళ్లు టైమిచ్చారుగా సార్. నా కాడున్న తిట్లన్నీ అయిపోయినయి.”

“ఆయనకి అయిపోయినయేమో. నాకు కాలా” అంది ఖాసింబీ. “నా బిడ్డ బళ్లో ఎన్నిసార్లు హంతకుడి కూతురనిపించుకుందో ఈయన్ని లెక్క చెప్పమను.”

ఆయన ఆమెకు చేతులు జోడించాడు. ఆ లెక్క నా దగ్గర లేదు.

హేమలత నా రెండు బల్లల మీద రెండు తీగముక్కలు పెట్టింది. “ఇది మీ కట్టర్ కోసింది. ఇది వేరే కట్టర్ కోసింది” అంది. మీరావలి స్టూలు లాక్కుని కూర్చున్నాడు. తొమ్మిదేళ్లు తలుపులు మూసిన గదిలో ఉన్న మనిషి కిటికీ దగ్గరికి వచ్చినంత మెల్లగా తన కన్ను నాకు ఆనించాడు. కటకాలతో చూసేదాన్ని కదా, ఎన్ని కళ్లనో దగ్గరగా చూశాను. వాటిలో దేనికీ నేను ఇంత భయపడలేదు. అందులో కోపం కోసం వెతికాను. దొరికితే బాగుండేది. మెకానిక్కు పనిముట్టును చూసే చూపే ఉంది.

చాలాసేపు చూశాడు. మీట అటూ ఇటూ తిప్పాడు.

“సారూ, గీతలు కలిసినయి, నిజమే. మరి ఈ నడిమిన పైనించి కిందికి సన్న నల్లగీత ఉందే, అదేంది?”

“అది తీగ మీదిది కాదు. మిషన్‌లోదే” అన్నాడు నరసరాజు గారు. “ఇటుది ఒక ముక్క, అటుది ఇంకో ముక్క అని తెలియడానికి పెట్టారు.”

“అంటే ఇయ్యి రెండని ఇదే సెప్తందిగా.” మీరావలి తలెత్తాడు. “మీకు కనపడలా?”

నరసరాజు గారు కళ్లజోడు తీశాడు.

“రోజూ కనపడేదయ్యా. అందుకే చూడటం మానేశాను.”

ఆ గీత నా కటకాల మధ్య నేను పుట్టిననాటి నుంచీ ఉంది. నా ఒంట్లో ఉన్న ఒకే ఒక్క హెచ్చరిక అది. దాన్ని ఆ ముసలి పనివాడు పెట్టాడు, నేను మోశాను, ఇద్దరు అధికారులు దాన్ని పట్టించుకోకుండా సంతకాలు పెట్టారు. దాని గురించి అడిగింది మాత్రం నా వల్ల జైలుకు వెళ్లొచ్చిన మనిషి ఒక్కడే.