అయ్యగారి డబల్ రొట్టె

లింగంపేట నుంచి ఎల్లారెడ్డి పోయే బాటకు కొంచెం లోపలగా ఒక పల్లె ఉంది. పందొమ్మిది వందల ముప్పై ఆరు ప్రాంతంలో ఆ పల్లె మిషను బడికి స్వామిదాసు పంతులు. వారమంతా పిల్లలకు అక్షరాలు దిద్దించడం, ఆదివారం అదే బడిలో ప్రార్థన నడిపించడం ఆయన పని. కానీ మనసంతా కల్లు మీదే ఉండేది. తాగాలని కాదు, మాన్పించాలని. పెండ్లి గురించి మాట్లాడడం మొదలుపెట్టినా, పంట గురించి మొదలుపెట్టినా, చివరికి ఈతచెట్టు కిందికి తెచ్చి ఆపేవాడు.

చెప్పగా చెప్పగా ఆ యేడు కోత పండుగ నాడు కొందరు మగవాళ్లు లేచి నిలబడి, ఇక కల్లు ముట్టమని అందరి ముందు ప్రమాణం చేశారు. వాళ్లలో మైసన్న కూడా ఉన్నాడు. ఊర్లో మైసన్నంత బాగా నాగలి పట్టేవాడు లేడు, మైసన్నంత తాగేవాడూ లేడు. ఆయన భార్య ఈరవ్వ ఆ సంతోషంలో పంతులింటికి ఒక కోడిని పంపింది.

ఈ సంగతి చెప్పుకోవడానికి స్వామిదాసు కామారెడ్డి పోయాడు. అక్కడి పెద్ద పాదిరి అబ్రాహాము అయ్యగారు విని ఎంతో మురిసిపోయాడు. అయినా పెదవి విరిచాడు.

"వచ్చి వాళ్లను దీవించాలెనని నాకు గూడ ఉన్నది బిడ్డా. కాని నా కడుపు సంగతి నీకెర్కే గదా. జొన్నరొట్టె అరగది, అన్నం అరగది. డాక్టరు డబల్ రొట్టె, గదే బ్రెడ్డు, పాలల్ల ముంచుకొని తినుమన్నడు. బంగళా వంటాయన, టేషన్ కాడ అమ్మేటాయన ఇద్దరూ ఊరికి పోయిండ్రు. మీ పల్లెల నాకు డబల్ రొట్టె యాడికెల్లి వస్తది?"

స్వామిదాసు ముందువెనుకలు చూసుకోలేదు.

"మా ఇంటిది చేస్తది అయ్యగారూ! అది మీ బంగళా హాస్టల్లనే పెరిగింది గదా!"

అయ్యగారు కండ్లద్దాలు తీసి ఆయన మొహంలోకి చూశాడు. "డబల్ రొట్టెనా? పల్లెలనా?" అని, వచ్చే శనివారం వస్తానని మాట ఇచ్చాడు.

ఇంటికొచ్చి ఈ మాట చెప్పగానే భార్య సాలవ్వ చేతిలోని తెడ్డు ఉడుకుతున్న జొన్న గట్కలో విడిచిపెట్టింది.

"నేను హాస్టల్ల పెరిగిన. రొట్టెల పెరిగిన్నా? బంగళా వంటాయన చేస్తుంటే తలుపు సందులకెల్లి చూసిన, అంతే."

"చూసినవ్ గదా, చాలు. పిండి, నీళ్లు, నిప్పులు. ఏమున్నది దాంట్ల?"

"ఏమీ లేకుంటే నువ్వే చెయ్యి," అన్నది సాలవ్వ. కానీ మాట ఇచ్చింది మొగుడు, పరువు పోయేది ఇద్దరిది. ఎల్లారెడ్డి నుంచి గోధుమపిండి తెప్పించింది. పెద్ద కుండ అడుగున ఇసుక పోసి, పిండిముద్ద పెట్టిన గిన్నె దాంట్లో దించి, మూకుడు మూసి, కింద పిడకల మంట, పైన నిప్పులు వేసింది. బంగళాలో ఇనుప పొయ్యి ఉండేది. ఇక్కడ కుండే పొయ్యి.

సాయంత్రం మూత తీస్తే గిన్నెలో ఉన్నది ఎర్రగా, గుండ్రంగా, చూడడానికి అందంగానే ఉంది. చాకు దిగలేదు. స్వామిదాసు కొడవలి తెచ్చాడు. అదీ దిగలేదు. అప్పుడే వచ్చిన ఈరవ్వ దాన్ని చేతిలో పట్టుకుని బరువు చూసి, "పంతులమ్మా, ఇది నాకిస్తవా? పసుపు నూరుకోవడానికి మంచిగుంటది," అని అడిగింది.

ఈరవ్వ పోయాక సాలవ్వ పొయ్యి ముందు కూలబడి అసలు మాట చెప్పింది.

"ఇది పొంగలే. పొంగాలంటే ఒకటి పొయ్యాలె."

"ఏంది?"

"చెప్తే నువ్వు లొల్లి పెడతవ్."

"పెట్టను, చెప్పు."

"కల్లు."

స్వామిదాసు లొల్లి పెట్టాడు. సైతాను అన్నాడు, శోధన అన్నాడు, తన ఇంటి గడపలోకి ఆ మాట రావడమే పాపమన్నాడు. సాలవ్వ అంతా అయ్యేదాకా ఊరుకుని, "బంగళా వంటాయన దినాం గిలాసెడు కల్లు తెచ్చి పిండిల పోస్తుండె. పోయిన క్రిస్మసుకు కామారెడ్డిల ఆ రొట్టె ఎవలు తిన్నరు? జాం రాసుకొని మళ్ల మళ్ల అడిగిందెవలు?" అన్నది.

స్వామిదాసు మోకరించి ప్రార్థన చేశాడు. లేచేసరికి కొంచెం మెత్తబడ్డాడు. నిప్పుల మీద కాలితే కల్లు గుణం పోతుంది కదా అని తనకు తానే నచ్చజెప్పుకున్నాడు. మిగిలింది ఒకటే చిక్కు. కల్లు ఎవరు తేవాలి? సాలవ్వ పోతే ఊరు నోరు నొక్కుకుంటుంది. ఇంకెవరినైనా పంపితే దారిలోనే తాగేస్తారు. పంతులు తప్ప నమ్మదగిన మనిషి ఊర్లో లేడు.

శనివారం తెల్లవారుతుండగా స్వామిదాసు దుప్పటి కప్పుకుని, దాని కింద ముంత పట్టుకుని ఈతవనానికి పోయాడు. కల్లు గీసే గౌండ్ల వెంకటి అప్పుడే చెట్టు దిగుతున్నాడు. పంతులును చూసి మళ్లీ చెట్టెక్కబోయాడు, తిట్టడానికి వచ్చాడేమోనని.

"వెంకటీ, జెర ఆగు. ఒక ముంతెడు... అది... కావాలె."

వెంకటికి మొదట అర్థం కాలేదు. అర్థమయ్యాక మొహంలో ఏమీ కనబడనివ్వలేదు. అది అతని వృత్తి మర్యాద.

"పొయ్యనా అయ్యా? ఈడనే తాగుతవా, ఇంటికి తీస్కపోతవా?"

"తాగడానికి కాదు! రొట్టెకు!"

"అట్లనే అయ్యా," అన్నాడు వెంకటి ముంత నింపుతూ. "అందరు దేనికో ఒకదానికే అడుగుతరు. మైసన్న మోకాళ్ల నొప్పులకని తాగుతుండె. ఏసయ్య బర్రెకని తీస్కపోతుండె. రొట్టెకని ఇంతదనుక ఎవలు అడగలే. మంచిగున్నది."

"నిజం చెప్తున్న వెంకటీ!"

"నేను కాదన్ననా అయ్యా?"

తిరిగొచ్చే దారిలో పొద్దుపొడుపు కల్లు ముంతలో బుసబుస పొంగింది. దుప్పటి తడిసింది, అంగీ తడిసింది. సరిగ్గా చేను మలుపు దగ్గర ఎడ్లను తోలుకుని మైసన్న ఎదురొచ్చాడు. ఆగాడు. ముక్కు ఎగబీల్చాడు. కోత పండుగ తర్వాత ఆ వాసన అంత దగ్గరగా తగలడం అదే మొదలు.

"పంతులూ, ఏంది వాసన?"

"చెట్ల కిందికెల్లి వచ్చిన. మీద పడ్డది," అన్నాడు స్వామిదాసు. దుప్పటి అంచు నుంచి కారుతున్న నురగ వైపు ఇద్దరూ చూశారు.

మైసన్న కోపగించుకోలేదు, నవ్వలేదు. ఏదో పెద్ద బరువు దిగినట్టు మొహం మీద ఒక వెలుగు వచ్చింది. ఎన్నడూ లేంది దగ్గరకొచ్చి భుజం మీద చేయివేసి, "నడువు అన్నా, పైలంగ పో. మలుపు కాడ రాళ్లున్నయి," అన్నాడు.

పొద్దు బారెడెక్కేసరికి ఊరంతా తెలిసింది. తిడతారని స్వామిదాసు భయపడ్డాడు. ఎవరూ తిట్టలేదు. అది ఇంకా కష్టంగా ఉంది. ప్రమాణం చేసినవాళ్లు ఒక్కొక్కరే వచ్చి అరుగు మీద కూర్చుని ఆయన్ను జాలిగా చూశారు. ఏసయ్య గొంతు తగ్గించి, "ఎన్నేండ్ల సంది పంతులూ?" అని అడిగాడు. ఇంకొకాయన ఒక నిమ్మకాయ ఇచ్చిపోయాడు, తల బరువుకు మంచిదని. స్వామిదాసు "రొట్టెకు, రొట్టెకు" అని మొత్తుకున్నాడు. అందరూ "అవును, రొట్టెకు" అని తలలూపారు.

లోపల సాలవ్వకు ఈ గోల ఏదీ పట్టలేదు. పిండి కలిపి తడిగుడ్డ కప్పిన గిన్నె చుట్టే ఆమె ప్రాణం తిరుగుతోంది. మధ్యాహ్నానికి గుడ్డ లేచింది. పిండి గిన్నె అంచు దాటి చూస్తోంది. ఈసారి కుండ మూత తీసినప్పుడు ఇల్లంతా ఒక కమ్మటి వాసన కమ్ముకుంది. ఒక పక్క కొంచెం మాడింది కానీ, వేలితో నొక్కితే లోపలికి పోయి మళ్లీ పైకొచ్చింది. సాలవ్వ అట్లా నాలుగైదు సార్లు నొక్కి చూసుకుంది.

సాయంత్రం అబ్రాహాము అయ్యగారు ఎడ్ల కచ్చురంలో వచ్చి దిగాడు. వేడి పాలలో రొట్టె ముంచి నోట్లో పెట్టుకుని కండ్లు మూసుకున్నాడు. "బిడ్డా, టేషన్ కాడి రొట్టె దీని ముందల బలాదూర్," అన్నాడు. రాత్రికి సగం తిన్నాడు, తెల్లవారి తక్కిన సగం తిన్నాడు. మాడిన ముక్క కూడా వదల్లేదు.

ఆదివారం ప్రార్థన అయ్యాక, కల్లు మానినవాళ్లు ముందుకు రావాలని అయ్యగారు పిలిచాడు. మైసన్న లేచాడు గానీ ముందుకు పోలేదు. చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"అయ్యగారూ, ఒక మాట. మా పంతులు మంచోడు. ఆయన మీద మాకేం కోపం లేదు. కాని ఆయనతోనే అయితలేదు. నిన్న పొద్దున ముంత తెచ్చుకుంటుంటే నేనే చూసిన. చదువుకున్నాయనకే అయితలేనప్పుడు నాగలి పట్టేటోళ్లం, మాతోని ఎట్లయితది? దయ చేసి మమ్మల్ని ఇడిపించుండ్రి."

అయ్యగారు స్వామిదాసు వైపు తిరిగాడు. స్వామిదాసు మళ్లీ "రొట్టెకు, రొట్టెకు" అన్నాడు, అయ్యగారికి అది అర్థం కాలేదు.

ఆడవాళ్ల వైపు నుంచి సాలవ్వ లేచింది. కోపంతో చెవులు ఎర్రబడ్డాయి.

"పంతులు కల్లు తేవుడు నిజమే. కాని ఆయన తాగలే. ఆ కల్లు అయ్యగారు తిన్నడు!"

అయ్యగారి చేయి దానంతటదే కడుపు మీదికి పోయింది. ఆయన కాసేపు లోపల ఏమైనా తేడాగా ఉందా అని వింటున్నట్టు నిలబడ్డాడు.

"ఎంత పోసినవ్ బిడ్డా?"

"ఒక గిలాసెడు, అయ్యగారూ. బంగళాల గూడ గంతే పోస్తరు."

"బంగళాల గూడనా?" అన్నాడు అయ్యగారు. ఇన్నేండ్లు తాను తిన్న రొట్టెలన్నీ కండ్ల ముందు తిరిగాయి కాబోలు. తర్వాత భుజాలు కదిలాయి, గడ్డం కదిలింది, చివరికి నవ్వు ఆగలేదు. ఆయన నవ్వడంతో బడి బడంతా నవ్వింది. స్వామిదాసు మాత్రం కండ్లు తుడుచుకున్నాడు.

నవ్వు తగ్గాక అయ్యగారు తీర్పు చెప్పాడు. నిప్పుల మీద కాలినాక కల్లు కల్లు కాదు, రొట్టె. తాగితే తప్పు, రొట్టెలో పోస్తే తప్పు లేదు. మైసన్న మళ్లీ చేయెత్తాడు.

"అంటే, రొట్టెకైతే తెచ్చుకోవచ్చునా అయ్యగారూ?"

"తెచ్చుకోవచ్చు," అన్నాడు అయ్యగారు నిండు కడుపుతో.

ఆ ఒక్క మాట చాలింది. మరునాడు పొద్దున ఈతవనంలో వెంకటికి చేతులు చాలలేదు. మైసన్న, ఏసయ్య, ప్రమాణం చేసిన ప్రతి మనిషీ ముంతతో వచ్చి, "రొట్టెకు" అన్నారు. వెంకటి ఎవరినీ ఏమీ అడగలేదు, పోశాడు. స్వామిదాసు కిటికీలోంచి ఆ వరుసను చూసి తల పట్టుకున్నాడు. రెండేళ్ల కష్టం ఒక గిలాసెడు కల్లులో కొట్టుకుపోయిందని ఆ పూట అన్నం తినలేదు.

రెండు మూడు రోజులు గడిచాయి. ఒక సాయంత్రం మైసన్న చేనునుంచి వచ్చి కాళ్లు కడుక్కుని తినడానికి కూర్చున్నాడు. ఈరవ్వ ఖాళీ కంచం ముందు పెట్టి ఎదురుగా కూర్చుంది.

"ఏంది, గట్క లేదా?"

"గట్క ఎందుకు? రొట్టె పెట్టు. పొద్దుగాల రొట్టెకని ముంతెడు తెచ్చినవ్ గదా. నిన్న గూడ తెచ్చినవ్. మొన్న గూడ తెచ్చినవ్. రొట్టెలు యాడ?"

"పిండి లేదు గదనే."

ఈరవ్వ మూల నుంచి పిండి మూట తెచ్చి ముందు పెట్టింది. సాలవ్వ దగ్గర తెచ్చిన గోధుమపిండి సగం, ఇంట్లో విసిరిన జొన్నపిండి సగం. కుండ, ఇసుక, మూకుడు అప్పటికే వాకిట్లో తయారుగా ఉన్నాయి. ఇదంతా ఆడవాళ్లందరూ సాలవ్వ ఇంట్లో కూర్చుని ముందే అనుకున్నదే. ముంత తెచ్చిన మగవాడే పిండి కలపాలి. రొట్టె కానిదే ఆ ఇంట్లో ఆ పూట వేరే వంట లేదు.

తెల్లవారి మైసన్న ముంత తెచ్చేసరికి ఈరవ్వ తెడ్డు పట్టుకుని గడపలో నిలబడి ఉంది.

"పొయ్యి."

"జెర ఆగు, ఒక్క గుక్క..."

"పిండిల పొయ్యి."

పోశాడు. ఆమె నిలబడే ఉంది కాబట్టి కలిపాడు. ఆ చేతులు నాగలి పట్టిన చేతులు, పిండి వాటికి లొంగిపోయింది. మొదటి రొట్టె మాడింది, రెండోది మధ్యలో పచ్చిగా ఉంది. ఇంటిల్లిపాది పచ్చిపులుసులో ముంచుకుని అదే తిన్నారు, వేరే గతి లేదు కాబట్టి. ఏసయ్య రొట్టె ఎంత పుల్లగా వచ్చిందంటే ఆయన బర్రె కూడా వాసన చూసి తిరిగిపోయింది. రోజూ ఇంత పని ఎవరు చేస్తారని మగవాళ్లు ఒక్కొక్కరే ఈతవనం దారి మరిచిపోయారు. శనివారం మాత్రం పోయేవారు, ఆదివారం రొట్టె కోసం.

మైసన్నకు మాత్రం అది పట్టుకుంది. బెల్లం పాకం పట్టి పోస్తే ఎట్లుంటుంది, నువ్వులు చల్లితే ఎట్లుంటుంది అని తానే అడగడం మొదలుపెట్టాడు. నిప్పులు పైన ఎన్ని, కింద ఎన్ని అని సాలవ్వతో వాదానికి దిగాడు. క్రిస్మసు నాటికి ఆయన బెల్లపు రొట్టె సాలవ్వ రొట్టె కంటే మెత్తగా ఉందని ఊరంతా అనుకుంది. స్వామిదాసుకు రోషం వచ్చింది. సాలవ్వకు రాలేదు. "ఆయన చేస్తే నాకు పని తప్పుతది, నువ్వు ఊకో," అన్నది.

పండుగ నాడు మైసన్న ఒక రొట్టెను గుడ్డలో చుట్టుకుని ఈతవనానికి పోయాడు. వెంకటి పండుగ ఇది కాదు, అయినా ఇచ్చాడు. వెంకటి ఒక ముక్క తుంచి వాసన చూశాడు, నమిలాడు, మళ్లీ వాసన చూశాడు.

"నా కల్లే. కాని యాడుందో దొరుకుతలేదు."

"మంచిగుందా?"

వెంకటి మిగతా రొట్టెను గుడ్డతో సహా చెట్టెక్కే మోకుకు కట్టుకున్నాడు, ఇంట్లో పిల్లలకు. తర్వాత చెట్టెక్కుతూ, సగంలో ఆగి కిందికి చూశాడు.

"వచ్చే శనివారం మంచి చెట్టుది పోస్త. ఇంకొంచెం బెల్లం ఎక్కువెయ్యి."