కొంగ బొమ్మ

అక్క మొగుడి డిజైన్ స్టూడియోలో ఆమె నాలుగేళ్లు పనిచేసింది. సబ్బు కవరు మీద ఆమె గీసిన కొంగ బొమ్మకు బహుమతి వస్తే, బావ అది తన పనేనని చెప్పి వేదికెక్కాడు. నిలదీస్తే, "గీతలు గీసేవాళ్లకు కరువా? నోరు మూసుకుని పని చూసుకో" అన్నాడు.

ఆ రోజే బయటికొచ్చేసింది. వంటగది బల్ల మీద పాత కంప్యూటర్ పెట్టుకుని, సెలూన్ బోర్డులతో మొదలుపెట్టి, ఏడేళ్లలో సొంత సంస్థ నిలబెట్టింది. కసి మాత్రం చల్లారలేదు.

చివరికి అదే సబ్బుల కంపెనీ, కొత్త ప్రచారం ఎవరికివ్వాలో తేల్చడానికి ఆమెను సలహాదారుగా పిలిచింది. పని కోసం వచ్చిన బావ ఆమెను చూసి తడబడ్డాడు. అయినా తెర మీద కొంగను చూపించి, "ఇది నా చేతిపనే" అన్నాడు.

"అయితే ఒకసారి గీసి చూపించండి బావగారూ" అంటూ ఆమె కాగితం ముందుకు తోసింది.

మెడ ఎటు వంపు తిరగాలో తెలియక అతని పెన్ను ఆగిపోయింది. ఆమె ఆ పెన్ను అందుకుని, నాలుగు గీతల్లో కొంగను నిలబెట్టింది. బావ తల దించుకుని వెళ్లిపోయాడు.

సాయంత్రం అక్క ఫోన్ చేసింది. "అందరిముందూ ఆయన పరువు తీశావు. కసి తీరిందా?"

"తీరిందక్కా" అంది, ఏమాత్రం తడుముకోకుండా.