గచ్చు మీద తడి పాదాలు

పెళ్లయి నలభై ఏడు రోజులు. రోజులు లెక్కపెట్టడం మానెయ్యమని మా ఆయన ఉపేందర్ నవ్వుతాడు కానీ, నాకు మానబుద్ధి కాదు. ఈ ఇంట్లో నాకు బాగా నచ్చినవి రెండు. ఒకటి వంటింటి కిటికీ. రెండోది, మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు బొగ్గు గనిలో బ్లాస్టింగ్ పేలినప్పుడు అలమారలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగిలి గలగలమనడం. గోదావరిఖనిలో పుట్టిన వాళ్లకు ఆ చప్పుడు చెవికే ఎక్కదు. జమ్మికుంట నుంచి వచ్చిన నాకు మాత్రం రోజూ అదొక సంబరం. ఇంకా బాగా మోగాలని గ్లాసులను దగ్గరికి జరిపి పెడతాను. మా అత్తమ్మ సారక్క చూసి, "సొట్టలు పడ్తయి పొల్లా" అంటూ మళ్లీ దూరం జరుపుతుంది.

ఆ కిటికీలోంచి ఎదురిల్లు కనిపిస్తుంది. ఇమాంబీ పెద్దమ్మది. ఆమె వెనక గదిలో ఉంటూ ముందు గదులు జర్మనీ నుంచి వచ్చిన ముగ్గురికి కిరాయికిచ్చింది. లీనా, క్లారా, పొడుగాటి యోనాస్. ఇరవై దాటినట్టు లేరు ఎవరూ. కాలేజీలో చేరే ముందు ఒక ఏడాది పరాయి దేశంలో సేవ చేయాలని వచ్చారట. కలిసి ఉంటారు, కలిసి వండుకుంటారు, ముగ్గురి బట్టలూ ఒకే తాడు మీద ఆరేస్తారు. గల్లీకి ఆ తాడు ఒక్కటి చాలు, పొద్దంతా మాట్లాడుకోవడానికి.

పొద్దున పదింటికి కాళ్లూ చేతులూ సరిగా లేనివాళ్లు ఐదారుగురు ఆ ఇంటికి వస్తారు. ఒంటిగంట దాకా వాళ్లతో వీళ్లు కసరత్తులు చేయిస్తారు. వారానికోసారి కరీంనగర్ నుంచి ఫిజియోథెరపీ డాక్టరమ్మ వచ్చి ఎవరికి ఏం చేయించాలో చెప్పిపోతుంది.

మా మామయ్య మొగిలి కూడా అక్కడికే వెళ్తాడు. ఆరేళ్ల కింద బొగ్గుబాయిలో పనిచేస్తుండగా పైనున్న బొగ్గు కూలి ఆయన తుంటి విరిగింది. రెండు ఆపరేషన్లయినా కాళ్లు ఆనలేదు. అప్పటినుంచీ చక్రాల కుర్చీయే. రోజూ యోనాస్ వచ్చి, "కాకా, పోదమా?" అని కుర్చీ తోసుకుపోతాడు. అందరూ ముందు గదిలో ఉంటారు, తలుపులు బార్లా తెరిచి. మామయ్యను మాత్రం లోపలి గదిలోకి తీసుకుపోతారు. వెంటనే గడియ పడుతుంది. ఆ చప్పుడు మా పొయ్యి దగ్గరికి వినిపిస్తుంది.

మామయ్య ఒక్కడికే గడియ ఎందుకు?

ఒంటిగంటకు తిరిగొచ్చేసరికి ఆయన అంగీ చెమటతో తడిసి ఉంటుంది. అరచేతులు ఎర్రగా కంది ఉంటాయి. ఏం చేయించారని అడిగితే, "ఏమున్నది బిడ్డా, ముచ్చట వెట్టినం" అంటాడు. ముచ్చట పెడితే చేతులు కందుతాయా?

తరవాత చెప్పులు మాయమయ్యాయి. మంచం కింద ఆరేళ్లుగా ఎవరూ తొడగని మామయ్య తోలు చెప్పులు. అత్తమ్మ ఊడ్చేటప్పుడు వాటిని తీసి, దుమ్ము దులిపి, మళ్లీ అక్కడే పెట్టేది. ఒకరోజు చూస్తే లేవు.

"కాళ్లు కదలని మనిషి చెప్పులు ఎవనికి అక్కెర?" అంది అత్తమ్మ, చీపురు చేతిలో పట్టుకునే. "ఏమన్న చేతబడి గిట్ల చేస్తున్నరా ఏంది?"

"జర్మనీల చేతబడి ఉండదు అత్తమ్మా."

"నువ్వు పోయి చూసచ్చినవా?"

గల్లీ చివరి సదయ్య కాక అయితే ఇంకో మాట అన్నాడు. ఆయన రిటైరై రెండేళ్లయింది. గల్లీలో కుక్క పిల్లలు పెట్టినా ఫోనులో తీసి కాలనీ గ్రూపులో పెడతాడు. "ఫొటోలు తీస్తరు. మనోళ్ల కుంటికాళ్లు, గుడ్డికండ్లు ఫొటోలు తీసి వాళ్ల దేశంల చూపెట్టుకుంటరు. నాకెరుకలేదా?"

ఫొటో అనే మాట విన్న దగ్గర్నుంచీ ఉపేందర్‌కు అన్నం సహించలేదు. ఆ రోజు ఫస్ట్ షిఫ్టు దిగి వస్తుంటే, క్లారా వాకిట్లో కెమెరా పట్టుకొని నిలబడి ఉండడం తనే చూశాడట.

"దేన్ని తీస్తున్నది?"

"ఇమాంబీ పెద్దమ్మ మేకపిల్లను. అది నేను చూస్తున్నప్పుడు. చూడనప్పుడు ఎవల్ని తీస్తున్నదో ఎవలికెరుక?"

ఆయన భయం నాకు అర్థమవడానికి కొంచెం సేపు పట్టింది. మామయ్యను డాక్టర్లు అన్‌ఫిట్ అని తేల్చాకే, వారసుడిగా ఉపేందర్‌కు బొగ్గు కంపెనీలో ఉద్యోగం వచ్చింది. ఆ ఉద్యోగం చూసే మా నాన్న నన్నిచ్చాడు. అన్‌ఫిట్ ఆర్డరు కాగితాన్ని లామినేషన్ చేయించి, దేవుని పటం వెనక పెట్టారు. పండక్కి దానికి కూడా బొట్టు పెడతారు. మామయ్య మంచిగానే ఉన్నాడన్నట్టు కనిపించే ఫొటో ఒక్కటి ఎవరి చేతికైనా చిక్కిందంటే?

"బెల్లంపల్లిల ఒకాయన గట్లనే సైకిల్ తొక్కుకుంట ఫొటోల దొరికిండట. కొడుకు నౌకరి పోయింది" అన్నాడు ఉపేందర్. తరవాత గొంతు తగ్గించి, "నువ్వు ఇంగ్లీషు వచ్చినదానివి. ఒకసారి పోయి చూసిరా, సంతోషీ" అన్నాడు.

గూఢచారి పని! లోపల భయంగానే ఉన్నా, నా కాలు నేల మీద ఆగలేదు. మా అమ్మ సారెలో పెట్టిన సకినాలు డబ్బా అడుగున ఇంకా పది మిగిలాయి. విరగనివి ఏడు ఏరి పళ్లెంలో పెట్టుకొని, మర్నాడు పదకొండింటికి రోడ్డు దాటాను.

వరండాలో ఇమాంబీ పెద్దమ్మ బియ్యం చెరుగుతోంది. నన్ను చూడగానే చాట కింద పెట్టి, నాకు అడ్డంగా కాళ్లు చాపింది.

"యాడికి బేటీ?"

"సకినాలు తెచ్చిన పెద్దమ్మా, పిల్లలకు."

"ఇటియ్యి. నేనిస్త."

"లోపటికి పోయి ఇస్త, చేతికి చేతనే."

"లోపట పని నడుస్తున్నది. మీ మామ ఎవల్ని రానియ్యొద్దన్నడు."

మామయ్య వద్దన్నాడా? గడియ వాళ్లది కాదా? నేను నోరు తెరిచేలోపు లోపలి తలుపు సందులోంచి లీనా తొంగిచూసి, చేతులు తుడుచుకుంటూ బయటికి వచ్చింది.

"ఎట్లున్నరక్కా? తిన్నరా?" అంది. ఇమాంబీ పెద్దమ్మ యాస అచ్చు దిగిపోయింది. నాకు నవ్వు వచ్చేదే కానీ, ఆమె నవ్వడం లేదు. తలుపును వెనకనుంచి చేత్తో పట్టుకునే ఉంది. నేను పళ్లెం చాచాను. అందుకోవడానికి ఆమె ఆ చెయ్యి వదిలింది. తలుపు జానెడు తెరుచుకుంది.

గదిలో నడుమెత్తులో రెండు ఇనుప పైపులు, ఒక గోడ నుంచి ఇంకో గోడ దాకా. వాటి మధ్యలో గచ్చు. గచ్చుకు ఈ చివర ప్లాస్టిక్ టబ్బులో నీళ్లు. ఆ టబ్బు దగ్గరినుంచి తడి పాదాల గుర్తులు, ఒకదాని ముందు ఒకటి. కుడిది పక్కకు తిరిగి, కొంచెం ఈడ్చినట్టు ఉంది. ఎడమ పాదానికి చిటికెన వేలు లేదు.

పెళ్లిలో కాళ్లు మొక్కినప్పుడు ఆ పాదాన్ని దగ్గరినుంచి చూశాను. ఎప్పుడో బాయిలో పట్టాల మీది బొగ్గు బండి పాదం మీదికెక్కి చిటికెన వేలు పోయిందని అప్పుడే చెప్పారు. అడుగు ఎలా పడుతోందో చూడ్డానికే కాబోలు, కాళ్లు తడిపి నడిపిస్తున్నారు. నేను చూస్తుండగానే మొదటి అడుగు అంచులనుంచి ఆరిపోతోంది. రెండోది కూడా. లీనా తలుపు లాగేసింది.

సాయంత్రం చాయ్ తాగుతుంటే ఉపేందర్‌కు చెప్పేశాను. ఆపుకోలేకపోయాను. ఎగిరి గంతేస్తాడనుకున్నాను.

"బావా, మామయ్య నడుస్తున్నడు!"

ఆయన వాకిలి వైపు చూశాడు. "ఎవలన్న చూసిన్రా?" అన్నాడు.

విన్నది నిజమేనా అని ఆయన వైపు చూశాను.

"నిన్నే. సదయ్య కాక గిట్ల చూసిండా? ఫొటో ఏమన్న ఉన్నదా ఆడ?"

"నడుస్తున్నడు అంటున్న. మీ బాపు."

"ఇనవడ్డది" అని గ్లాసు కింద పెట్టాడు. అప్పుడే వెనక కుర్చీ చక్రం కీచుమంది. మామయ్య గుమ్మంలో ఉన్నాడు. ఎంతసేపటినుంచి ఉన్నాడో. ఎవరినీ చూడకుండా కుర్చీ తిప్పుకొని తన గదిలోకి వెళ్లిపోయాడు.

మర్నాడు యోనాస్ వస్తే, "ఇయ్యాల నొప్పున్నది" అన్నాడు. ఆ తరవాతి రోజూ అదే మాట. మూడో రోజు అత్తమ్మ గేటు దగ్గరే యోనాస్‌ను ఆపి తిప్పి పంపింది. కుర్చీలో కూర్చొని మామయ్య గోడ గడియారం చూసేవాడు. పదింటికి ఒకసారి, ఒంటిగంటకు ఒకసారి. ఆయన అరచేతుల ఎరుపు తగ్గిపోయింది.

నేను బట్టలు ఆరేస్తుంటే లీనా గోడ అవతల వచ్చి నిలబడింది. సకినాల పళ్లెం ఖాళీగా ఇవ్వకూడదని ఇమాంబీ పెద్దమ్మ నేర్పిందట, అందులో నాలుగు అరటిపళ్లు పెట్టి తెచ్చింది.

"అక్కా, ఒకటి అడుగుత. కోపం చెయ్యొద్దు." ఈసారి ఆమె యాస కూడా నాకు నవ్వు తెప్పించలేదు. "మీ ఇంట్ల ఆయన్ని నడవనియ్యరా? ఆయన కుర్చీల ఉంటెనే మీకు మంచిదా?"

"ఎవలు చెప్పిన్రు గట్లని?"

"ఎవ్వలు చెప్పలె. ఆయన మొదటి రోజే చెప్పిండు, గడియ పెట్టు, ఇంట్ల ఎరుక కావొద్దు అని. ఫొటో వద్దు అని. మా రాసుకునే బుక్కుల ఆయన పేరు కూడ రాయనియ్యలె. ఎందుకో మాకు సమజ్ కాలె. మేం ముగ్గురం రోజు మాట్లాడుకున్నం. మీ ఇల్లంటె మాకు భయం అయింది."

కిటికీలోంచి ఇన్నాళ్లూ నేను వాళ్లను చూస్తున్నాననుకున్నాను. అక్కడినుంచి వాళ్లూ మమ్మల్ని చూస్తున్నారు. పళ్లెం పట్టుకొని వంటింట్లోకి వచ్చి నిలబడ్డాను. బ్లాస్టింగ్ పేలింది. గ్లాసులు మోగాయి. ఆ రోజు నాకు ఆ చప్పుడు నచ్చలేదు. ఈ గ్లాసులు, ఈ కిటికీ, ఈ యాభై రెండు రోజులు, అన్నీ ఆయన లేవకపోతేనే నాకు దక్కేవా?

దేవుని పటం వెనకనుంచి కాగితం తీసి చదివాను. భూగర్భంలో పనికి, బరువు పనికి పనికిరాడని ఉంది. నడవకూడదని ఎక్కడా లేదు. రెండోసారి చదివినా లేదు.

తరవాత నా డిగ్రీ స్నేహితురాలు జమునకు ఫోన్ చేశాను. వాళ్లది బెల్లంపల్లి, వాళ్ల నాన్న కూడా బాయి కార్మికుడే. సైకిల్ తొక్కిన మనిషి పేరేమిటని అడిగాను.

"మా దగ్గర కాదే, కొత్తగూడెంల అయిందట గా ముచ్చట" అంది జమున. "ఆగు, మా మేనత్త ఆడనే ఉంటది, అడిగి చెప్త." అరగంటకు మళ్లీ చేసి పకపకా నవ్వింది. "మా అత్త ఏమన్నదో ఎరుకేనా? మా కొత్తగూడెంల కాదు, గోదావరిఖనిల అయిందట. నీ పక్కపొంటి అడుగు!"

ఆ సాయంత్రం ఉపేందర్‌ను మామయ్య గదిలోకే లాక్కుపోయి, ఇద్దరి ముందూ చెప్పాను. అత్తమ్మ కూడా వచ్చి గుమ్మంలో నిలబడింది.

"ఆ మనిషికి పేరు లేదు బావా. ఊరు లేదు. సైకిల్ ఒక్కటే ఉన్నది."

నేను చూపించిన ఆర్డరు కాగితాన్ని ఉపేందర్ చేతిలోకి తీసుకున్నాడు. "నేను చదవలేదనుకున్నవా? వందసార్లు చదివిన. కాగితం ఏదన్న చెప్తది. రేపు ఎవడన్న పోయి, వాళ్ల బాపు మంచిగ తిరుగుతున్నడు, ఉత్త నాటకం అని చెప్తె? సదయ్య కాక గ్రూపుల పెడితె?"

"పెట్టనియ్యి" అన్నాడు మామయ్య.

అందరం ఆయనవైపు తిరిగాం.

"నీ నౌకరికి ఏమన్న అయితదేమో అని నేనే గడియ పెట్టమన్న. పైపులు పట్టుకొని తొమ్మిది అడుగులు ఏసిననాడు, ఆ పొడుగు పోరడు ఎత్తుకొని తిప్పిండు నన్ను. మా అమ్మ లెక్క ఏడ్చిండు. నాకేమో చప్పుడు బయటికి పోతదని భయం. నోరు మూసిన వానిది." ఆయన తన అరచేతులు చూసుకున్నాడు. "బొగ్గు మీదవడ్డది అబద్ధమా? ఆరేండ్లు ఈ కుర్చీ అబద్ధమా? దాసుకొని నడిస్తెనే నాటకం అంటరు. అందరు చూసేటప్పుడే నడుస్త."

ఉపేందర్ కాగితాన్ని తీసుకుపోయి మళ్లీ పటం వెనక పెట్టాడు. ఒప్పుకున్నాడో లేదో నాకు తెలియలేదు. పడుకునే ముందు కూడా, "ఇప్పుడు ఎన్ని అడుగులు ఏస్తున్నడు?" అని మాత్రమే అడిగాడు.

మామయ్య మళ్లీ ఎదురింటికి వెళ్లడం మొదలుపెట్టాడు. గడియ చప్పుడు లేదు. అత్తమ్మ కూడా వంటింటి కిటికీకి వచ్చి నిలబడుతోంది. ఇప్పుడు ఇద్దరం చూస్తున్నాం. పద్దెనిమిది రోజుల తరవాత, డాక్టరమ్మ సరేనన్నాక, ఫస్ట్ షిఫ్టు దిగే వేళ మామయ్య ఇమాంబీ పెద్దమ్మ వాకిట్లోకి వచ్చాడు. ముందు నాలుగు కాళ్ల వాకరు. కాళ్లకు ఆ మాయమైన చెప్పులు. జారకుండా యోనాస్ వాటికి వెనక పట్టీ కుట్టించాడు. మా గేటు దాకా పన్నెండు గజాలు. యోనాస్ వెనక, లీనా పక్కన. ఎవరూ పట్టుకోలేదు.

మూడో అడుగుకే గల్లీ మొగలో మోటారు సైకిళ్ల చప్పుడు మొదలైంది. షిఫ్టు దిగిన వాళ్లు. ముందున్నది ఉపేందరే. బండి ఆపి ఒక కాలు నేల మీద పెట్టాడు. నేను ఆయన ముఖమే చూస్తున్నాను. ఆయన ముందు తండ్రిని చూడలేదు. చుట్టూ చూశాడు. అరుగుల మీద ఎవరున్నారు, మేడ మీద ఎవరున్నారు, ఎవరి చేతిలో ఏముంది.

సదయ్య కాక తన గేటు ముందు ఫోను ఎత్తి పట్టుకొని ఉన్నాడు.

మామయ్య కూడా ఆ ఫోనును చూశాడు. వాకరు ఆగింది. కుడి కాలు వణికింది. లీనా చెయ్యి ముందుకు వచ్చి, తాకకుండా గాలిలోనే నిలిచిపోయింది. వెనక బండ్లవాళ్లు హారన్లు కొడుతున్నారు.

ఉపేందర్ బండి దిగాడు. దాన్ని రోడ్డుకు అడ్డంగా తిప్పి స్టాండు వేశాడు. వెనకున్నవాళ్లకు చెయ్యెత్తి చూపించి, అప్పుడు సదయ్య కాకవైపు నడిచాడు. గుంజుకుంటాడనే అనుకున్నాను. కాక కూడా అదే అనుకున్నట్టున్నాడు, ఫోను గుండెకు ఆనించుకున్నాడు.

"ఆడికెల్లి ఎండకు ఎదురు అయితది కాకా, మబ్బు మబ్బు వస్తది" అన్నాడు ఉపేందర్, ఆయన భుజం పట్టి ఇటువైపు నిలబెడుతూ. "గిక్కడికెల్లి తియ్యి. కాళ్లు అవుపడాలె."

మామయ్య వాకరు ముందుకు జరిపాడు.