గాలాడని పచ్చిక

బసవపున్నయ్యకు గడ్డి మీద ప్రత్యేకంగా ప్రేమేమీ లేదు. కానీ ఆ వారమంతా అతని ప్రాణాలు గడ్డిపరకల్లోనే ఉన్నాయి.

ఏళ్ళతరబడి ఇంకొకరి కింద పనిచేసి, కళాదర్శకుడిగా మొదటిసారి తెర మీద సొంతంగా పేరు చూసుకోబోతున్న సినిమా అది. ఫిల్మ్‌నగర్‌లో నాలుగు పక్కలా మూసి ఉన్న స్టూడియో ఫ్లోర్‌లో క్రికెట్ స్టేడియం సెట్టు వేశాడు. నాలుగు వైపులా కప్పును తాకే గ్యాలరీలు, నడుమ నిజమైన పచ్చిక. మాదాపూర్‌లో అద్దాల మేడలు లేస్తున్న రోజులు. సాఫ్ట్‌వేర్‌లో సంపాదించి సినిమాల్లోకొచ్చిన నిర్మాతకు అంతా ఏసీ ఆఫీసులా మూసి ఉండాలట! గురువారం హీరో వస్తాడు. గడ్డి పచ్చగా లేకపోతే బయట అసలు స్టేడియానికే పోదామని డైరెక్టర్ శ్రీకృష్ణ ముందే చెప్పేశాడు. అంటే సెట్టూ పోతుంది, పేరూ పోతుంది.

సోమవారానికి గడ్డి పసుపెక్కింది. పైన రేకులు, వాటి కింద లైట్లు. లోపల ఇడ్లీపాత్రలా ఉడుకు.

"ఇంకా నీళ్ళు కొట్టు జంగయ్యా!"

"కొడ్తనే ఉన్న సార్. గీడ వాసనొస్తుంది, జర సూడుండ్రి," అన్నాడు బోరబండ నుంచి వచ్చే తోటమాలి.

"వేడికి నీళ్ళు కాకపోతే మజ్జిగ పోస్తారటయ్యా? కొట్టు!"

మంగళవారం పరకలు కుళ్ళి చేతికొచ్చాయి. బసవపున్నయ్య ఫ్లోరంతా ఒక చుట్టు తిరిగాడు. అప్పుడు కనిపించింది. తూర్పు మూల, సామాను తెచ్చే చిన్న తలుపు దగ్గర, మంచమంత మేర పచ్చిక నిగనిగలాడుతోంది. అక్కడ కూర్చుంటే చెంపకు గాలి తగిలింది. వేడీ తడీ కదలక నిలిచిపోయి గడ్డిని ఉడకబెడుతున్నాయి. గాలి రానివ్వనిది తన గ్యాలరీలే.

తూర్పు గ్యాలరీ వెనక పెద్ద షట్టరుంది. అది తెరవాలంటే గ్యాలరీ కూలాలి. అన్నిటిలోకీ ముచ్చటపడి చేసింది అదే. అందులోని పలకల మీద జనం మొహాలు తన చేత్తో గీశాడు. మూడో వరసలో భార్య శ్యామలాదేవిని కూడా కూర్చోబెట్టాడు.

"ఊడదీయండి," అని మొదటి పలక తనే లాగాడు.

షట్టరు తెరిపించి, నీళ్ళు ఆపించాడు. కుళ్ళిన చోట కొత్త గడ్డి పరిపించాడు. పాటల్లో హీరోయిన్ జుట్టు ఎగరేసే పెద్ద ఫ్యాను దానికేసి తిప్పించాడు.

"గడ్డికి గూడ హీరోయిన్ మర్యాద జేస్తున్నం సార్," అని నవ్వాడు జంగయ్య. బసవపున్నయ్యకు మాత్రం అన్నం దిగలేదు. కొత్త గడ్డి కూడా పసుపెక్కితే?

గురువారం శ్రీకృష్ణ వచ్చి, వంగి పచ్చిక నిమిరాడు.

"బ్రహ్మాండమండీ! పచ్చగా ఉంది. కెమెరా తూర్పున పెట్టి పడమటి వైపు తీసేద్దాం."

"మరి తూర్పు గ్యాలరీ..." అన్నాడు బసవపున్నయ్య.

"ఏ గ్యాలరీ అండీ?"

"ఏం లేదులెండి."

బతికిపోయాడు. షట్టరు బయట పలకల కుప్ప మీద, ఎండలో, శ్యామలాదేవి మొహం ఉంది. ఏడుపొస్తుందేమోనని అటు చూడలేదు.