కుడిచేతి తొడుగులు

ఏడో వ్యాగను దగ్గర మోకాళ్ళ మీద కూర్చుని నొస్రత్ చక్రానికి చెంప దగ్గరగా పెట్టాడు. ఆనించలేదు. జానెడు దూరంలో ఆపి, పొయ్యి పక్కన పిల్లిలా కళ్ళు మూసుకున్నాడు. ఇనుములోంచి వచ్చిన వేడి చెంపకు తగిలింది. ఎడమ మోకాలు టక్కుమంటుంటే లేచి, వ్యాగను అంచున సుద్దముక్కతో ఒక అడ్డగీత గీశాడు. అడ్డగీత అంటే బ్రేకు బాగా పట్టిందని. పట్టకపోతే సున్నా చుట్టాలి.

అది పొద్దుటి సిమెంటు బండి. పద్దెనిమిది వ్యాగన్లకూ గీతలు పెట్టి చీటీ మీద సంతకం చేశాడు. బండి మలుపు తిరిగి కిందికి వెళ్ళిపోయింది. చక్రాల చప్పుడు వినబడనంత దూరం పోయేదాకా అతను పట్టాల పక్కనే నిలబడి ఉన్నాడు. ఈ అలవాటు కొత్తది.

గదూక్ కనుమ నుంచి పోలెసెఫీద్ దాకా దిగుడే దిగుడు. ఎక్కడం ఇంజను పని, దిగడం దేవుడి పని అంటారు మావాళ్ళు. వెయ్యి టన్నుల బండిని ఇంజను ఒక్కటే ఆపలేదు. ప్రతి వ్యాగనూ తన బరువుకు తగ్గట్టు తన బ్రేకు తాను పట్టుకుని దిగాలి. నాలుగు వ్యాగన్లు పని ఎగ్గొడితే ఆ భారమంతా మిగిలినవాటి మీద పడుతుంది. వాటి బ్రేకులు కాలిపోయి పట్టు తప్పుతాయి. ఆ తర్వాత బండి ఎవరి మాటా వినదు. అందుకని సగం దిగుడులో ఉన్న సియాదర్రే అనే ఈ చిన్న స్టేషన్లో ప్రతి గూడ్సు బండీ పది నిమిషాలు ఆగి తీరాలి. ఆ పది నిమిషాల్లో ఒక మనిషి బండి పొడుగునా నడిచి ప్రతి చక్రాన్నీ చేత్తో చూడాలి. వేడిగా ఉంటే బ్రేకు పనిచేసినట్టు, చల్లగా ఉంటే చేయనట్టు. ఇరవయ్యారేళ్ళుగా ఆ మనిషి నొస్రత్.

కింద పోలెసెఫీద్ రైలు కాలనీలో వేడి అంటే క్షేమం. డ్యూటీ దిగి వచ్చిన మగవాణ్ణి ఇంట్లోవాళ్ళు బాగున్నావా అని అడగరు. గుమ్మంలోనే "వేడిగానేనా?" అంటారు. "వేడిగానే" అనాలి. నొస్రత్ భార్య గోలందామ్ ఇన్నేళ్ళలో ఒక్క సాయంత్రం కూడా ఆ మాట అడగడం మానలేదు. కాపురంలో మొగుడూ పెళ్ళాలు మాట్లాడుకోని రోజులుంటాయి కదా, ఆ రోజుల్లో కూడా ఇదొక్కటీ అడిగి, జవాబు విని, మళ్ళీ మూతి ముడుచుకునేది.

ప్రతి చలికాలం అతనికి ఒక జత తోలు తొడుగులు ఇస్తారు. ఎడమది తొడుక్కుని సుత్తి పట్టుకుంటాడు. కుడిచెయ్యి ఎంత మంచు పడుతున్నా వట్టిదే. కుడి తొడుగులు, జతను కలిపిన దారపు ముడి తెంపగానే, ఒక్కసారీ తొడగకుండా ఇంటికి చేరతాయి. గోలందామ్ వాటిని రేకు పెట్టెలో దాచేది. ఎడమచెయ్యి లేనివాడెవడైనా దొరికితే వాడి పంట పండినట్టే అని మొదట్లో వేళాకోళం చేసేది. యుద్ధంలోంచి పక్కింటివాళ్ళ అబ్బాయి నిజంగానే ఎడమచెయ్యి లేకుండా తిరిగొచ్చాక ఆ మాట మానేసింది. ఒక తొడుగు మాత్రం చప్పుడు చేయకుండా వాళ్ళింటికి పంపింది. పెట్టెలో ఇంకా ఇరవైనాలుగు ఉన్నాయి.

ఆ వట్టి చెయ్యే చలికాలానికి ముందొచ్చే మెహర్ నెలలో మొరాయించింది. ఒకరోజు టీగ్లాసు పట్టుకుంటే వేళ్ళు బొబ్బలెక్కాయి, అతనికి మాత్రం ఏమీ తెలియలేదు. స్టవ్ తగిలి కాలిందని భార్యతో అబద్ధమాడాడు. ఊళ్ళో డాక్టరు రక్తపోటు చూసి, కొండెక్కడం మానమని, వెంటనే నగరానికి వెళ్ళి పెద్ద ఆసుపత్రిలో చూపించుకోమని కాగితం రాసిచ్చాడు. ఆ కాగితం మూడు నెలలుగా కోటు జేబులోనే ఉంది. ఒకప్పుడు ఆ చెయ్యి చక్రాన్ని తాకితే బ్రేకు దిమ్మ కొత్తదో పాతదో కూడా చెప్పేది. ఇప్పుడది వేరెవరిదో చెయ్యి తన భుజానికి వేలాడుతున్నట్టుంది. ఎడమచెయ్యి ఎన్నడూ ఈ విద్య నేర్వలేదు. అందుకే చెంప. చెప్పకుండా ఎందుకు దాచాడంటే, పరువు కోసం కాదు. ఆ చెయ్యి తీసేస్తే తనలో మిగిలేదేమిటో అతనికి తెలియదు. పొట్టి మనిషి, వంగిన భుజాలు, మీసాల్లో సుద్దపొడి. బడికి పోలేదు, పాట రాదు, నలుగురిలో నోరు విప్పడు. ఆ మాట తలచుకుంటేనే అతనికి భయం వేసేది.

గదిలో స్టేషన్ మాస్టరు మీర్ హాషెమ్ టీ పోసి పెట్టాడు. తెల్లవారినప్పటి నుంచి నొస్రత్ తల దిమ్ముగా ఉంది. టీ తాగేందుకు పళ్ళ మధ్య పెట్టుకున్న పంచదార గడ్డ పెదవి చివరి నుంచి జారి కింద పడింది. మీర్ హాషెమ్ చూడలేదు. సొరుగులోంచి ఈ ఏటి తొడుగుల జత తీసి ముందు పడేశాడు.

"ఇదిగో, నీకు సగం, మీ ఆవిడకి సగం. అవునూ, ఈమధ్య చక్రాలకు ముద్దులు పెడుతున్నావట, ఆవిడకి చెప్పమంటావా?"

నొస్రత్ నవ్వాడు. జతను తలుపు పక్క మేకుకు తగిలించాడు.

పదకొండు దాటాక కిరోసిన్ బండి దిగింది. ఇరవై ట్యాంకర్లు. కింద ఊళ్ళన్నీ రెండు వారాలుగా కిరోసిన్ కోసం ఎదురుచూస్తున్నాయి. బండి నడుపుతున్నది గోలందామ్ తమ్ముడు ఫరామర్జ్. ఇంజను కిటికీలోంచి తల బయటపెట్టి, బావ నడక చూస్తే పది నిమిషాలు కాస్తా పది గంటలయ్యేలా ఉందని వెక్కిరించాడు. అప్పటికే ఆలస్యమైంది. కింద ప్యాసింజరు బండి దారి కోసం కాచుకుని ఉంది.

మొదటి ఎనిమిది ట్యాంకర్లు బాగానే గడిచాయి. చెంపకు వేడి గట్టిగా, మామూలు కంటే కాస్త ఎక్కువగానే తగిలింది. తొమ్మిదోదాని దగ్గరకు వచ్చేసరికి లోయలోంచి గాలి లేచింది. మంచు అడ్డంగా కొట్టింది. వంగి చెంప పెట్టాడు. ఏమీ తెలియలేదు. ఇంకా దగ్గరగా పెట్టాడు. చక్రం చల్లబడిందో, తన మొహం చల్లబడిందో పోల్చుకోలేకపోయాడు. అరచెయ్యి ఆనించాడు. అది గోడకి ఆనించినట్టే ఉంది.

ఇలా ఇదివరకు రెండుసార్లు జరిగింది. రెండుసార్లూ ముందు వ్యాగన్లు వేడిగా ఉన్నాయి కాబట్టి ఇదీ వేడిగానే ఉంటుందిలే అని గీత పెట్టేశాడు. రెండు బండ్లూ క్షేమంగా దిగాయి. ఈసారీ అదే చేశాడు. తొమ్మిదికి గీత, పదికి గీత, పదకొండుకి గీత. మంచు కళ్ళలో కొడుతోంది. తల వంచుకుని పదిహేను దాకా వచ్చాడు. పదహారోదాని దగ్గర మళ్ళీ వేడి తగిలింది, స్పష్టంగా. గీత పెట్టి, చేతితో మంచు తుడిచి చూశాడు. గీత లేదు.

చెయ్యి చూసుకున్నాడు. బొటనవేలూ చూపుడువేలూ సుద్దముక్కను పట్టుకున్నట్టే ఒకదానికొకటి ఆనుకుని ఉన్నాయి. వాటి మధ్య సుద్ద లేదు. వెనక్కి నడిచాడు. పదిహేనుకి గీత లేదు, పన్నెండుకి లేదు, తొమ్మిదికీ లేదు. తొమ్మిదోదాని కింద పట్టాల మధ్య సుద్దముక్క పడి ఉంది. పదహారోదానితో కలిపి ఎనిమిది ట్యాంకర్లకు వట్టి వేళ్ళతో గీతలు గీసుకుంటూ పోయాడు.

జేబులో ఇంకో సుద్ద ఉంది. ఎడమచేత్తో తీసి తొమ్మిదోదానికి ఆనించాడు కూడా. ఎవరూ చూడలేదు. ఎనిమిది గీతలు పెట్టడానికి ఒక్క నిమిషం చాలు. కింద, దిగుడు ముగిసేచోట పట్టాలకు ఇరవై అడుగుల దూరంలో తన ఇల్లుంది. ఈ వేళప్పుడు గోలందామ్ వెనక వరండాలో వెల్లుల్లి ఒలుస్తూ ఉంటుంది. సుద్ద జేబులో వేసుకుని ఇంజను వైపు నడిచాడు.

"దిగు, ఫరామర్జ్."

"ఏమైంది బావా?"

"తొమ్మిది నుంచి పదిహేను దాకా నాకు తెలియట్లేదు."

"తెలియకపోవడమేంటి? వేడా, చల్లనా?"

"అదే తెలియట్లేదు. నా చెయ్యి పోయింది. మెహర్ నుంచి."

ఫరామర్జ్ మొహంలో నవ్వు ఇంకా పోలేదు, నవ్వాల్సిన మాట కాదని అర్థమయ్యాక కూడా. దిగి, తొడుగు ఊడదీసి, ఎనిమిదో ట్యాంకరు చక్రం మీద చెయ్యి పెట్టి చటుక్కున లాక్కున్నాడు. మండిపోతోంది. తొమ్మిదోది గోరువెచ్చగా ఉంది. మాలో గోరువెచ్చన కూడా చల్లనే. పదిహేను దాకా అన్నీ అంతే. సుత్తితో కొట్టి పక్కనున్న మీట మీది మంచుగడ్డ రాలగొట్టాడు. ప్రతి వ్యాగనుకూ అలాంటి మీట ఒకటుంటుంది. బరువు లేనప్పుడు ఖాళీ వైపు, సరుకు ఎక్కాక నిండు వైపు తిప్పాలి. ఖాళీ వైపు ఉంటే బ్రేకు ఖాళీ వ్యాగనుకు సరిపడేంతే పడుతుంది. ఎక్కడో ఎవరో ట్యాంకర్లు నింపి, మీటలు తిప్పడం మరిచారు. వాటి మీద మంచు గడ్డకట్టింది. ఏడు నిండు ట్యాంకర్లు ఖాళీవాటి బ్రేకులతో సగం కొండ దిగివచ్చాయి. అసలైన నిటారు దిగుడు ఇంకా ముందుంది.

ఏడు మీటలూ తిప్పి, బ్రేకు గొట్టాల్లో మళ్ళీ గాలి నింపి, బ్రేకు పరీక్ష చేసి, కాలిన చక్రాలు చల్లారేసరికి గంట పట్టింది.  చివరి మీట దగ్గర ఫరామర్జ్ సుత్తి నేలకేసి కొట్టి బావ వైపు తిరిగాడు.

"మెహర్ నుంచి నీ గీతలు నమ్ముకుని నేనెన్ని బండ్లు దింపానో తెలుసా నీకు?"

"తెలుసు. ముప్పైనాలుగు."

"లెక్కపెట్టుకుంటూ కూడా ఊరుకున్నావా? కంచే చేను మేస్తే ఇంకెవరితో చెప్పుకోవాలి? కింద పట్టాల పక్కన ఎవరున్నారనుకున్నావు?"

నొస్రత్ ఏదో అనబోయాడు. నాలుక మందంగా తిరిగి, మాట ముద్దగా వచ్చింది. ఫరామర్జ్ వినలేదు.

"మా అక్కకి నువ్వే చెప్పుకో. నాతో మాట్లాడకు."

మీర్ హాషెమ్ మంచివాడు. మంచు వల్ల బండి ఆలస్యమని పుస్తకంలో రాసి పేజీ తిప్పేద్దామన్నాడు. నొస్రత్ ఒప్పుకోలేదు. తన చేతి సంగతి, మెహర్ నుంచి అన్న మాటతో సహా రాయించి, ఎడమచేత్తో వంకరగా సంతకం పెట్టాడు. అలా రాశాక అతను చక్రాలు ముట్టుకోవడానికి వీల్లేదు. అదే బండిలో వెనక గార్డు పెట్టెలో ఇంటికి పోవాలి. మేకు దగ్గర ఆగి జతలోంచి కుడి తొడుగు ఒక్కటే తీసుకున్నాడు.

"రెండోది?" అన్నాడు మీర్ హాషెమ్.

"ఎడమదానికి పాతది ఉందిగా."

వేళ్ళు మాట వినలేదు. మీర్ హాషెమ్ దగ్గరకొచ్చి, చిన్నపిల్లాడికి తొడిగినట్టు ఒక్కొక్క వేలూ లోపలికి నెట్టి, మణికట్టు దగ్గర బొత్తాం పెట్టాడు. వెచ్చగా ఉందా అని అడిగాడు. ఉందన్నాడు నొస్రత్.

ఫరామర్జ్ ఆ రోజు దింపినంత నెమ్మదిగా మా కొండల్లో ఎవరూ బండి దింపి ఉండరు. పోలెసెఫీద్ చేరగానే ఇంజను దిగి, తొడుగు తీసేసి, మొదటి ట్యాంకరు నుంచి చివరిదాకా తనే నడిచాడు. ఒక్కొక్క చక్రం తాకుతూ పోతుంటే కోపం కూడా ఒక్కొక్క మెట్టే దిగింది. ముప్పైనాలుగు బండ్ల సంగతి మరిచిపోలేదు. కానీ ఇవాళ చెప్పాడు కదా, ముప్పై ఐదోదానికి చెప్పాడు. ఇరవైకి ఇరవై వేడిగానే ఉన్నాయి బావా అని ముందు ఆ మాట అనేసి, మిగతా తిట్లు తర్వాత తిడదామనుకున్నాడు.

గార్డు మెట్ల మీద నిలబడి ఉన్నాడు. మూడో సొరంగం దాటినప్పటి నుంచీ మీ బావ పాపం నిద్రపోతున్నాడు, లేపలేదు అన్నాడు. నొస్రత్ బల్ల మీద గోడకు తల ఆనించి కూర్చున్నాడు. నోరు ఒక పక్కకు జారింది. ఫరామర్జ్ రెండుసార్లు పిలిచాడు. కుడిచేతి తొడుగు బొత్తాం విప్పి, తొడుగు లాగి, ఆ చేతిని తన రెండు చేతుల మధ్య పెట్టుకున్నాడు. తర్వాత ఎడమచేతిది కూడా లాగి ఆ చెయ్యి పట్టుకున్నాడు. చాలాసేపు అలాగే పట్టుకుని ఉన్నాడు. నాతో మాట్లాడకు అన్న మాట తిరిగి తీసుకునేందుకు ఇక ఎవరూ లేరు.

నాలుగు గంటలప్పుడు అక్క ఇంటి తలుపు తట్టాడు. గోలందామ్ వెల్లుల్లి వాసన వేసే చేతులతో తలుపు తీసింది. బండి ఆలస్యమైన సంగతి కాలనీ అంతా తెలుసు.

"వేడిగానేనా?" అంది.

 ఫరామర్జ్ అక్క మొహంలోకి చూడలేక గడప వైపు చూశాడు.

"చక్రాలన్నీ వేడిగానే ఉన్నాయక్కా."

ఆమె తమ్ముడి భుజం మీదుగా వీధిలోకి చూసింది. మళ్ళీ తమ్ముడి చేతిలోని రెండు తొడుగులు చూసింది. ఒకటి అరిగి నల్లబడింది, ఒకటి కొత్తది. కొత్తదాన్ని తీసుకుని లోపలికి చెయ్యి పెట్టింది. లోపల చల్లగా ఉంది. అప్పుడు కింద కూలబడింది.

సియాదర్రేలో మరునాటి నుంచి వేరే మనిషి చక్రాలు చూస్తున్నాడు. ఆ గదిలో తలుపు పక్క మేకుకు ఆ ఏటి ఎడమచేతి తొడుగు ఒక్కటీ, దారపు ముడి తెగి వేలాడుతూ, ఇంకా అలాగే ఉంది.